రెండు పేర్ల పండుగ

ఈ పుస్తకానికి రాయమని అడిగిన మిత్రులు ఆఖరుకు ఒక మాట అడిగిండ్రు: "అన్నా, వ్యాసం కింద నీ పేరు ఎట్ల వెయ్యాలె?" మామూలు ప్రశ్న. ఎవలైనా టక్కున చెప్తరు. నేను చెప్పలేకపోయిన. నాకు రెండు పేర్లున్నయి. ఒకటి బడి రిజిస్టరుల ఉన్నది, మా ఇలాకల మల్లన్న దేవుని మీద పెట్టుకునే పేరు. ఇంకొకటి బాప్తిస్మం నాడు పాస్టరయ్య పెట్టిన బైబిల్ పేరు. మొదటి పేరు మీద నాకు కులం సర్టిఫికెట్ ఉన్నది. రెండో పేరుతోని మా అమ్మ నన్ను పిలిచేది. ఈ రెండూ ఒక్క కాయితం మీద పక్కపక్కన పడితే నా బతుకు మీద విచారణ మొదలైతది.

డిసెంబర్ ఒస్తే చాలు, పేపర్లల్ల, టీవీలల్ల క్రిస్మస్ అంటే కేకు, చెట్టు, ఎర్రటోపి తాత. మంచు పడ్డట్టు దూది అతికించిన అద్దాల దుకాణాలు. నేను చూసిన క్రిస్మస్ అది కాదు. నా క్రిస్మస్ రెండు పేర్ల పండుగ. దొంగతనం చెయ్యనోడు దొంగలెక్క దాసుకొని చేసుకునే పండుగ. ఆ ముచ్చట చెప్పాలనే ఈ రాత.

మాది మహదేవపూర్ మండలంల గోదారి దిక్కు ఊరు. అప్పుడు కరీంనగర్ జిల్లా, 2016ల జయశంకర్ భూపాలపల్లి జిల్లాల కలిసింది. ఒక దిక్కు టేకు అడివి, ఒక దిక్కు నీళ్లు, అవతలి ఒడ్డు మహారాష్ట్ర సిరొంచ. ఊరవతల మాదిగవాడ. మా నాయన దొర కాడ జీతమున్నడు. పశువుల కొట్టంల పన్నడు, పశువుల కొట్టంల లేచిండు. పెండ తీసిండు, కుడితి పెట్టిండు. పశువు చస్తే మోసింది మావోళ్లే, దాని తోలు ఊనింది మావోళ్లే, ఆ తోలుతోని చెప్పులు కుట్టి దొర కాళ్ల కాడ పెట్టిందీ మావోళ్లే.

మా వాడకు ఒచ్చిన పాస్టరయ్య మొదటిసారి యేసు పుట్టుక కథ చెప్పినప్పుడు నాయన గొంగడి కప్పుకొని గోడకు ఒరిగి ఇన్నడట. నిండు చూలాలు మరియమ్మ మొగనితోని దూరం నడిచొచ్చింది, సత్రంల జాగ దొరకలేదు, పశువులుండే కాడ కన్నది, పసిగుడ్డును మేత తొట్టిల పండబెట్టింది. అంతా ఇని నాయన ఒక్కటే అడిగిండట: "మరి ఆ కొట్టం ఊడ్చిందెవలు అయ్యగారూ?" పాస్టరయ్య కాడ జవాబు లేదు. బైబిల్ల రాసి లేదు. "నా అసొంటోడే ఎవడో ఉండి ఉంటడు" అని నాయన తనే తేల్చుకున్నడు. ఆ ఏడు మావోళ్లు బాప్తిస్మం తీసుకున్నరు.

మేం ఎందుకు క్రైస్తవులమైనమో ఎవలైనా అడిగితే నేను పెద్ద పెద్ద సిద్ధాంతాలు చెప్ప. ఈ ఒక్క ముచ్చట చెప్త. ఊర్లె గుడి ఉన్నది, మేం మెట్టు ఎక్కొద్దు. ఇరవై కిలోమీటర్ల దాపుల కాళేశ్వరం ఉన్నది, గోదారి ప్రాణహిత కలిసేకాడ ఊరోళ్లందరికీ పుణ్యం. పుష్కరాలల్ల మా నాయన బండి తోలుకపోయి దొరసానిని ముంచి తీసుకొచ్చిండు. తను ఒడ్డు మీద ఎడ్లను కాసిండు. అసొంటోనికి కొట్టంల పుట్టిన దేవుడు దొరికిండు. తన వాసన తెలిసిన దేవుడు. నాయన లెక్క అంతే.

దీనికి ఊరు పెట్టిన పేరు "పాలపిండి కిరస్తానం". పాలపిండికి, గోధుమ నూకకు మతం అమ్ముకున్నరని. ఇప్పటికీ చదువుకున్నోళ్లు, వామపక్షపోళ్లు సుత ఎక్కిరించే మాట ఇదే. వాళ్లకు ఒక సంగతి చెప్పాలె. 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు. ఒంగోలుల అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంల కొంత కంట్రాక్టు పట్టి మాదిగలకు, మాలలకు కూలి చూపించిండు. గింజలు పంచుతున్నన్ని రోజులు బాప్తిస్మాలు ఆపేసిండు, తిండి కోసం ఒస్తున్నరన్న మాట రావొద్దని. కరువు పని అయిపోయినంక 1878 జూలై 3 నాడు గుండ్లకమ్మ ఏటిల ఒక్కరోజుల 2,222 మంది మునిగిండ్రు. గింజలున్నప్పుడు మునగనియ్యలే, గింజలైపోయినంక మునిగిండ్రు. ఇంకా ముందటి సంగతి ఒకటున్నది. మాదిగోళ్లను కలుపుకుంటే మేం రామని అక్కడి పెద్దకులపోళ్లు మిషనరీకి షరతు పెట్టిండ్రు. యర్రగుంట్ల పేరయ్య అసొంటి మాదిగ పెద్దలు మిషనరీ కంటే ముందు నడిచి ఊర్లకు ఊర్లను తెచ్చిండ్రు. కడుపు కోసం పోయిండ్రనేటోడు మా కడుపునే చూసిండు, మా తలకాయను చూడలే.

ఇగ నా క్రిస్మస్ ముచ్చట.

డిసెంబర్ నెల మా దగ్గర పత్తి ఏరుడు. పండుగకు వారం ముందు అమ్మ ఎర్రమన్ను తెచ్చి గోడలు అలికేది. మేం వెదురు బద్దలు చీరి, రంగు కాయితం అతికి, లోపట దీపం పెట్టి చుక్క కట్టేటోళ్లం. పండుగ నాడు పెద్దకూర వండుకునేటోళ్లం. పట్నం నుంచి పెద్ద అయ్యగారు ఒచ్చిన ఏడు మాత్రం కోడి కోసి, పెద్దకూర గంజులు వెనుక ఇంట్ల దాసిపెట్టిండ్రు. ఆయన ముందల తినుడు మర్యాద కాదట. ఆ మర్యాద ఎవలి మర్యాదో నాకు తర్వాత తెలిసింది.

25 నాడు పొద్దున గుడిల ప్రార్థన. కానీ పత్తి ఆగదు. "మీ ఏసు ఒచ్చి ఏరుతడా" అని చేను ఆసామి వాడ మొగన నిలబడి మొత్తుకునేటోడు. అమ్మ కొత్త చీర కట్టుకొని ప్రార్థన చేసి, ఇంటికొచ్చి పాత చీర కట్టుకొని చేనుకు పోయేది. పండుగ చీర ఆమె ఒంటి మీద రెండు గంటలకంటే ఎక్కువ ఉన్నది నేను చూడలే.

1991 డిసెంబర్ 24 రాత్రి. నేను ఇంటర్ చదువుతున్న. ఆ ఏండ్లల్ల మా అడివంతా ఒక దిక్కు అన్నలు, ఒక దిక్కు పోలీసులు. నడుమ మేము. క్రిస్మస్ పాటలు పాడుకుంట పక్క వాడకు పోవుడు మా పద్ధతి. తొమ్మిది మంది పిల్లలం, రెండు డప్పులు, ఒక కందీలు, వెదురు చుక్క. బాట మీద టార్చిలైట్లు పడ్డయి. చేతులు లేపమన్నరు. లేపినం. చుక్క కిందపడి అంటుకున్నది.

"పేరేంది?" అని నా ముందలోణ్ని అడిగిండ్రు. వాడు భయంల బైబిల్ పేరు చెప్పిండు. సంచిల ఉన్న బస్‌పాస్ తీసి చూసిండ్రు. అండ్ల వేరే పేరు. "రెండు పేర్లెందుకురా? ఏ దళం?" అని మొదలువెట్టిండ్రు. దళంల కలిసినోళ్లు పేరు మార్చుకుంటరు కద. తొమ్మిది మందికి పద్దెనిమిది పేర్లు. తొమ్మిది మందిమీ దొరికిపోయినం. సారూ, ఇది చర్చి పేరు, అది బడి పేరు అంటే ఇననే ఇనరు. ఒకడు నవ్వుకుంట అడిగిండు: "ఏసుకు సుత రెండు పేర్లున్నయార?" ఉన్నయి. యేసు, ఇమ్మానుయేలు. చెప్పే ధైర్యం లేకుండె.

పొద్దుగాల ఊరి పెద్దమనుషులు ఒచ్చి "మా జీతగాళ్ల పిల్లలే" అంటే ఇడిసిపెట్టిండ్రు. ఎవడు నిజంగ ఎవలో చెప్పనీకి మా పేరు సరిపోలే, మా బాప్తిస్మం సరిపోలే. దొర జీతగాడన్న మాటే సరిపోయింది. రెండు డప్పుల తోలు పగిలింది. ఒకనికి చెవి ఇనరాకుంట అయింది, ఇప్పటికీ ఇనరాదు. అది మా 1991 క్రిస్మస్.

ఐదేండ్లకు సర్టిఫికెట్ కావాల్సి ఒచ్చింది. ఆఫీసు పేరు నేను చెప్ప, మనుషుల పేర్లూ చెప్ప. నేను కిరస్తానీ అని ఎవలో అర్జీ పెట్టిండ్రు. ఇంటికి విచారణకు ఒస్తున్నరని ముందురోజు తెలిసింది. అదీ డిసెంబరే. అమ్మ చూరుకు కట్టిన చుక్క ఇప్పింది. గోడ మీద యేసు క్యాలెండర్ తీసింది, అది ఉన్నకాడ గోడ తెల్లగ కనపడుతుందని దాని మీద జల్లెడ తగిలించింది. బైబిల్ను బట్టల చుట్టి వడ్ల గుమ్మిల పెట్టి మీద వడ్లు పోసింది. పక్కింటి నుంచి మల్లన్న పటం ఎరువు తెచ్చింది. విచారణకొచ్చినాయన చూరు దిక్కు చూసిండు, గోడ దిక్కు చూసిండు. "ఏమ్మా, మీరు ఏ దేవుణ్ని మొక్కుతరు?" అన్నడు. అమ్మ ఇంత జీవితంల అబద్ధం ఆడంగ నేను ఇనలే. ఆనాడు ఇన్న. ఆయన పోయినంక గుమ్మి కాడ కూసొని వడ్లు తోడుకుంట ఏడ్చింది. "పేతురు మూడుసార్లు అన్నడు బిడ్డా, నేను ఒక్కసారే అన్న" అన్నది. నాకు సర్టిఫికెట్ ఒచ్చింది. ఆ కాయితంతోనే నేను ఉద్యోగం చేసిన. అది నా తల్లి అబద్ధం ఖరీదు.

ఈ అబద్ధం మా అమ్మది కాదు, రాజ్యానిది. 1950 ఆగస్టు 10 నాడు రాష్ట్రపతి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ఇచ్చిండు. అండ్ల మూడో పేరా: హిందువు కానోడు షెడ్యూల్డు కులపోడు కాడు. 1956ల సిక్కులను కలిపిండ్రు, 1990ల బౌద్ధులను కలిపిండ్రు. క్రైస్తవుడు, ముస్లిం బయటనే. 2007ల రంగనాథ్ మిశ్రా కమిషన్ మతానికీ షెడ్యూల్డు కులం హోదాకీ లంకె తెంపుమని చెప్పింది. తెంపలే. సుప్రీంకోర్టుల 2004ల వేసిన కేసు ఉన్నది. 2022 అక్టోబరుల కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంల ఇంకో కమిషన్ వేసిండ్రు. మా పేరు మీద కమిషన్లు పుడుతనే ఉంటయి, మేం మాత్రం పుట్టినకాడనే ఉంటం.

మాకు రాష్ట్రంల ఇచ్చింది బీసీ-సి. షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలకు పోయినోళ్లందరికీ కలిపి ఒక శాతం. ఎస్సీ రిజర్వు సర్పంచు సీటుకు నిలబడొద్దు. అత్యాచార నిరోధక చట్టం కింద కేసు పెట్టొద్దు. 2025ల ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసుల ఇదే మాట చెప్పింది, క్రైస్తవుడైనోనికి ఆ చట్టం వర్తించదని. మాదిగలు 1994 నుంచి వర్గీకరణ కోసం కొట్లాడిండ్రు. నేను సుత జెండా మోసిన. 2025 ఏప్రిల్ 14 నాడు తెలంగాణల అది అమలుకొచ్చింది. నా గుండె నిండింది. ఇంటికొచ్చి లెక్క చూసుకున్న: బైబిల్ పేరు బయటపెట్టుకున్న మాదిగోనికి అండ్ల ఏ గ్రూపు? ఏ గ్రూపూ లేదు.

చట్టం చెప్పే కారణం ఏంది? క్రైస్తవంల కులం లేదు కాబట్టి మీకు కులం పోయిందని. మంచిది. మరి 1976ల గుంటూరు వైద్య కళాశాల కేసుల సుప్రీంకోర్టు ఏమన్నది? క్రైస్తవ తల్లిదండ్రులకు పుట్టినోడైనా హిందూమతంలకు ఒచ్చి, కులపోళ్లు కలుపుకుంటే ఆ కులం దొరుకుతది అన్నది. పోయిందే అయితే తిరిగి ఎట్ల ఒస్తది? చచ్చినోడు తిరిగొస్తడా? కులం ఎటూ పోలే, అండ్లనే ఉన్నది. పోయింది కులానికి రావాల్సిన హక్కు ఒక్కటే.

కారంచేడుల 1985 జూలై 17 నాడు ఆరుగురు మాదిగలను చంపిండ్రు. చుండూరుల 1991 ఆగస్టు 6 నాడు ఎనిమిది మంది దళితులను నరికిండ్రు. గొడ్డలి ఎత్తినోడు నీది ఏ చర్చి, నీకు బాప్తిస్మం అయిందా అని అడిగి ఎత్తిండా? ఊరోనికి మనం ఎవలమో తెలుసు. చావిడి కాడ కూసున్నోనికి తెలుసు. హోటల్ల గ్లాసు వేరే పెట్టినోనికి తెలుసు. రిజిస్టరు పట్టుకున్నోనికి ఒక్కనికే తెలువదు.

ఇప్పుడు ఆ పుట్టుక కథను మళ్లొకసారి చూడండి. మరియమ్మ, యోసేపు ఆ చలిల ఎందుకు నడిచిండ్రు? చక్రవర్తి జనసంఖ్య రాయాలె అన్నడు. ఎవని సొంతూరుకు వాడు పోయి పేరు రాయించుకోవాలె. క్రిస్మస్ కథ ఒక రిజిస్టరుతోని మొదలైతది. రాజ్యానికి పేరు కావాలె, పండనీకి జాగ మాత్రం ఇయ్యదు. తర్వాత హేరోదు ఒచ్చిండు, పిల్లల్ని ఎతికి చంపిండు, తల్లి పిల్లను ఎత్తుకొని ఐగుప్తుకు ఉరికింది. మహదేవపూర్ అడివిల రాత్రి టార్చిలైటు మొకం మీద పడ్డోనికి ఈ కథకు వ్యాఖ్యానం అక్కరలేదు. అద్దాల దుకాణంల దూది మంచుకింద నిలబడ్డోనికి ఎంత వ్యాఖ్యానం చెప్పినా అర్థం కాదు.

రాజ్యాన్ని అని సంఘాన్ని ఇడిసిపెడితే నేను సగం అబద్ధం ఆడినోన్నయిత. మెదక్ చర్చి మీద అందరూ గర్వపడుతరు. 1924 డిసెంబర్ 25 నాడు ప్రతిష్ఠ చేసిండ్రు. కరువుల కూలి చూపించి కట్టిన గుడి. ప్రతి క్రిస్మస్‌కు వేలమంది పోతరు, నేనూ పోయిన. దాని రంగుటద్దాలు చూసుకుంట నిలబడితే రాళ్లు మోసినోళ్ల చెమట గురించి ఎవలూ చెప్పలే. మా దగ్గర క్యాథలిక్ రెడ్లున్నరు. వాళ్లు పిల్లనిచ్చేది హిందూ రెడ్లకు, మాదిగ క్రైస్తవునికి కాదు. బల్ల ఒక్కటే అంటరు, బొందలగడ్డ వేరే ఉంటది. తెలుగు నేల మీద నుంచి పూల ఆంతోనిని కార్డినల్ చేసింది 2022 ఆగస్టు 27 నాడు. మొదటి దళిత కార్డినల్ అని పండుగ చేసిండ్రు. సంతోషమే. రెండు వేల ఏండ్లు పట్టిందన్న సిగ్గు మాత్రం ఎవలూ పడలే.

బాబాసాహెబ్ అంబేద్కర్ ఇది ముందే చూసిండు. క్రైస్తవంలకు పోయిన అంటరానోళ్ల పరిస్థితి మీద రాసి, సంఘం లోపల కులం చావలేదని, చదువుకున్న క్రైస్తవులు తమ జనం కోసం కొట్లాడరని కుండ బద్దలు కొట్టిండు. ఆ మాట చదివి నేను నొచ్చుకున్న. తర్వాత ఒప్పుకున్న. మేం స్తోత్రం అన్నంత గట్టిగ హక్కు అనలే. పండుగ నాడు పరలోకం గురించి మూడు గంటలు చెప్పే బోధకుడు మూడో పేరా గురించి మూడు నిమిషాలు చెప్పడు. అంబేద్కర్ విమర్శను మా మీద రాళ్లలెక్క ఏసే ఉద్యమ మిత్రులకు సుత ఒక మాట. ఆయన కొట్లాడుమన్నడు. నీ తల్లి దేవుణ్ని వడ్ల గుమ్మిల దాసిపెట్టుమనలే.

తెలంగాణ ఒచ్చినంక ప్రభుత్వం క్రిస్మస్ విందు పెట్టింది, పేద క్రైస్తవులకు బట్టలు పంచింది. మా వాడకూ లిస్టు రాయనీకి ఒచ్చిండ్రు. మా చెల్లె లిస్టు దగ్గరిదాక పోయి తిరిగొచ్చింది. "అన్నా, ఆ లిస్టుల పేరుంటే రేపు పోరగాని సర్టిఫికెట్‌కు అడ్డం పడదా?" అన్నది. ఒక చేతితోని నువ్వు క్రైస్తవురాలివి అని చీర ఇచ్చే సర్కారు, ఇంకో చేతితోని నువ్వు క్రైస్తవురాలివి అని సర్టిఫికెట్ గుంజుకుంటది. మాకు చీర ఒద్దు, బిర్యానీ ఒద్దు. పత్తి మేమే ఏరుతం, చీర మేమే కొనుక్కుంటం. మా పేరు మాకియ్యండి.

గుర్రం జాషువాను యాది చేసుకోండి. గబ్బిలంతోని శివునికి అర్జీ పంపినోడు ఆయనే, క్రీస్తు చరిత్ర రాసి 1964ల సాహిత్య అకాడమీ అవార్డు తీసుకున్నోడూ ఆయనే. హిందూ కావ్యాలు రాస్తుండని క్రైస్తవులు వెలేసిండ్రు, పంచముడని హిందువులు వెలేసిండ్రు. రెండు దిక్కుల వెలి ఆయనకు తెలుసు. మా అమ్మకు ఆయన పేరు తెల్వదు గని ఆయన బాధ తెలుసు.

మా కాళేశ్వరంల ఒక విచిత్రం ఉన్నది. ఒక్క పానవట్టం మీద రెండు లింగాలుంటయి. ఒకటి కాళేశ్వరుడు, యముడంటరు. ఇంకొకటి ముక్తేశ్వరుడు, శివుడంటరు. ఒక్క పీట మీద ఇద్దరు దేవుళ్లు ఉండొచ్చు, ఎవలూ విచారణకు రారు. ఒక్క మాదిగోని బతుకుల కులమూ క్రీస్తూ కలిసి ఉంటే మాత్రం రాజ్యాంగం కదిలిపోతదట.

నేను అడిగేది భిక్షం కాదు. 1950 ఉత్తర్వుల మూడో పేరా తీసెయ్యండి. కులం ఎక్కడున్నదో హక్కు అక్కడిదాక రావాలె. చర్చిల్లారా, ఈ డిసెంబర్ 25 నాడు మీ వేదిక మీద రాజకీయ నాయకునికి శాలువా కప్పుడు ఆపి, ఆ కొట్టం ఊడ్చినోణ్ని పిలిచి కూసోబెట్టండి. మాలైన, మాదిగైన, హిందువైన, బౌద్ధుడైన నా దళిత తమ్ముళ్లారా, మీ వాటా తగ్గుతదని భయపడకండి. మేం కొత్తగ ఒచ్చేటోళ్లం కాదు. వడ్ల గుమ్మిల బైబిల్ పెట్టుకొని డెబ్బై ఏండ్ల సంది మీ పక్కనే నిలబడ్డం. మాకు కావాల్సింది అబద్ధం ఆడకుండ నిలబడే జాగ.

అమ్మ పోయి నాలుగేండ్లయింది. ఆమె బొంద మీద సిలువ పెట్టినం. సిలువ మీద ఏ పేరు రాయాలన్న పంచాయితి ఇంట్ల ఒచ్చింది. పింఛను కాయితాలల్ల ఒక పేరు, సంఘం రిజిస్టరుల ఒక పేరు. ఆఖరుకు ఏ పేరూ రాయలే. ఉట్టి "అమ్మ" అని రాసినం.

అందుకే ఈ వ్యాసం కింద సుత పేరు లేదు. మరిచిపోయి కాదు. మూడో పేరా పోయిన్నాడు రెండు పేర్లూ పక్కపక్కన పెద్దక్షరాలల్ల రాస్త. అప్పటిదాక నన్ను మహదేవపూర్ దిక్కు మాదిగవాడ మనిషి అనుకోండి, కొట్టం ఊడ్చినోని కొడుకు అనుకోండి.